ఇక్కడ బతికినవాళ్ళను ‘నాన్‌లోకల్’ చేయకండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ముఖ్యమంత్రి గారికి, మంత్రివర్గ సభ్యులకు,

గోదావరిఖని నుంచి ఒక బడిపంతులు నమస్కరించి రాస్తున్న బహిరంగ లేఖ.



2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టులో మీ ప్రభుత్వం కేసు గెలిచింది. ఎవరి మీద గెలిచింది? అవతల నిలబడ్డది పొరుగు రాష్ట్రం కాదు, కార్పొరేట్ కాలేజీ యాజమాన్యమూ కాదు. తెలంగాణలో ఇల్లూ వాకిలీ ఉండి, చదువు కోసం కొంతకాలం రాష్ట్రం దాటి వెళ్ళొచ్చిన పిల్లలు వాళ్ళు. మేం ఇక్కడివాళ్ళమే, మమ్మల్ని ఇక్కడివాళ్ళుగానే చూడమని అడిగారు. ఆ మాట చెల్లదని వాదించడానికి తెలంగాణ ప్రభుత్వం ఢిల్లీ దాకా వెళ్ళింది. తన బిడ్డలు తనవాళ్ళు కారని రుజువు చేయడానికి ఒక రాష్ట్రం అంత దూరం వెళ్ళాల్సిన అవసరం ఏమొచ్చింది?

2024 జులై 19న మీరిచ్చిన 33వ నంబరు జీవో గురించే రాస్తున్నాను. ఎంబీబీఎస్, బీడీఎస్ సీట్లకు స్థానికుడు అనిపించుకోవాలంటే అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు తెలంగాణలోనే చదివి ఉండాలని అందులో పెట్టారు. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. ఈ నాలుగేళ్ళలో ఒక్క ఏడాది బయట చదివినా ఆ పిల్ల ఈ రాష్ట్రానికి పరాయిది. ఆమె ఎక్కడ పుట్టింది, తల్లిదండ్రులు ఎక్కడుంటున్నారు, ఎక్కడ ఓటేస్తున్నారు, ఎక్కడ చెమటోడుస్తున్నారు అన్న ప్రశ్నకు ఆ జీవోలో చోటే లేదు.

మా ఊళ్ళో దీని అర్థం ఏమిటో చెబుతాను. గోదావరిఖనిలో అమ్మాయి బాగా చదువుతోందనుకోండి. పదో తరగతి దాకా ఇక్కడే చదువుతుంది. డాక్టర్ కావాలని ఆశ. తండ్రి సింగరేణి బొగ్గుబాయి మీద జనరల్ మజ్దూర్. లాభాల వాటా వచ్చిన డబ్బు, సొసైటీలో తీసిన లోను కలిపి విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీలో చేర్పిస్తాడు. రామగుండం స్టేషన్‌లో రైలెక్కితే నేరుగా విజయవాడలో దిగొచ్చు. ఏళ్ళ తరబడి బొగ్గుబావుల ఊళ్ళ నుంచి పిల్లలు అలాగే వెళ్ళారు, అలాగే తిరిగొచ్చారు. తండ్రి ఫస్ట్ షిఫ్ట్ మస్టర్ మారలేదు. తల్లి క్వార్టర్ మారలేదు. సెలవులకు పిల్ల వచ్చిందీ ఆ క్వార్టర్‌కే. రెండేళ్ళు హాస్టల్లో పడుకున్నందుకు ఆమె ఇప్పుడు ఏ రాష్ట్రం పిల్ల?

ఆంధ్రప్రదేశ్‌లో ఆమె స్థానికురాలు కాదు, అక్కడ చదివింది రెండేళ్ళే కాబట్టి. తెలంగాణలో స్థానికురాలు కాదు, చివరి నాలుగేళ్ళూ ఇక్కడ చదవలేదు కాబట్టి. విడిపోయిన రెండు రాష్ట్రాల మధ్య ఏ రాష్ట్రానికీ చెందని ఒక పౌరురాలిని మీ నిబంధన తయారుచేసింది. రాష్ట్రం తెచ్చుకున్నది ఇందుకేనా?

ఈ అమ్మాయి విషయంలో ఇంకో మాట ఉంది. ఆమె పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికో టీచర్ ఉద్యోగానికో దరఖాస్తు చేస్తే స్థానికురాలే. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగాలకు చూసేది ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ కాలం ఎక్కడ చదివారన్నది. ఆ లెక్కన ఆమె పెద్దపల్లి జిల్లా అమ్మాయి, కాళేశ్వరం జోన్ అమ్మాయి. అదే మనిషి, అదే ఊరు, అదే రాష్ట్రం. లాఠీ పట్టుకోవడానికి తెలంగాణ బిడ్డ, స్టెతస్కోప్ పట్టుకోవడానికి కాదా? ఒకే రాష్ట్రంలో స్థానికతకు రెండు కొలతలు పెట్టి, రెంటిలో ఏది నిజమని ఆ పిల్లకు చెప్పమంటారు?

ఈ నిబంధన తెచ్చిన సమయం కూడా చూడండి. రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 95వ సెక్షన్ ప్రకారం ఉన్నత విద్యలో అప్పటిదాకా ఉన్న ప్రవేశాల కోటా పదేళ్ళు, అంటే 2024 జూన్ 2 వరకు కొనసాగింది. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ళలో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడ స్థానికులయ్యే వెసులుబాటు కూడా ఉండేది. 1974 నాటి విద్యాసంస్థల ప్రవేశాల ఉత్తర్వులోనే ఆ వెసులుబాటు ఉంది. దాన్ని నమ్ముకునే తల్లిదండ్రులు 2022 జూన్‌లో పిల్లల్ని బయట ఇంటర్‌లో చేర్పించారు. వాళ్ళు రెండేళ్ళు చదివారు. 2024 మే 5న నీట్ రాశారు. ర్యాంకులు వచ్చాయి. ఆ తర్వాత, జులైలో, మీరు ఏడేళ్ళ వెసులుబాటు తీసేశారు.

పరీక్ష అయిపోయాక నిబంధన మార్చడం ఏ న్యాయం? 2022లో ఆ తండ్రికి ఈ సంగతి తెలిసి ఉంటే పిల్లను కరీంనగర్‌లోనో హన్మకొండలోనో చదివించుకునేవాడు. తెలిసే వీలు లేనప్పుడు తీసుకున్న నిర్ణయానికి తెలిశాక శిక్ష వేశారు. కోర్టుకెక్కినవాళ్ళకు ఆ ఒక్క ఏడాదికి మినహాయింపు ఇచ్చారు, సంతోషం. కోర్టు ఫీజు కట్టలేనివాళ్ళ మాటేమిటి? లాయరును పెట్టుకోగలిగినవాడికి ఒక హక్కు, పెట్టుకోలేనివాడికి మరో హక్కు ఉంటే దాన్ని హక్కు అనవచ్చా?

2024 సెప్టెంబరు 5న తెలంగాణ హైకోర్టు మీకో మంచి దారి చూపించింది. ఈ నిబంధనను తెలంగాణలో శాశ్వత నివాసం ఉన్నవాళ్ళకు వర్తింపజేయొద్దంది. శాశ్వత నివాసి ఎవరో తేల్చడానికి మార్గదర్శకాలు రాసుకోమంది. రాసుకునే అధికారాన్ని మీ చేతిలోనే పెట్టింది. మీరు రాయలేదు. ఏడాదిపాటు సుప్రీంకోర్టులో వాదించారు. చివరికి సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును పక్కనపెట్టి మీ నిబంధన చెల్లుతుందని చెప్పింది.

తీర్పును గౌరవిస్తాను. కానీ అది చెప్పింది ఆ నిబంధన చెల్లుతుందని మాత్రమే. దాన్ని మార్చకూడదని చెప్పలేదు. చెల్లే నిబంధనలన్నీ న్యాయమైనవి కావు. రాజ్యాంగం ఒప్పుకునే దానికీ ప్రజలకు మీరు చేయాల్సిన దానికీ మధ్య ఉన్న దూరాన్ని పూడ్చడానికే ఎన్నికైన ప్రభుత్వం ఉన్నది. కోర్టు తీర్పు వెనక దాక్కునే వీలు మీకు లేదు, ఎందుకంటే ఆ జీవో రాసింది కోర్టు కాదు, మీరు.

స్థానిక కోటా అక్కర్లేదని నేను అనడం లేదు. బొగ్గుబావుల ప్రాంతంలో పుట్టి పెరిగినవాడెవడూ అనలేడు. 1969 ఉద్యమం రాజుకున్నదే పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ స్టేషన్ దగ్గర, స్థానికులకు దక్కాల్సిన ఉద్యోగాల మీద. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం ఎలా నీరుగారిందో, స్థానికులకే ఉద్యోగాలనే ముల్కీ నిబంధనలు ఉండి కూడా ఎలా అడ్డదారులు తొక్కారో మా తండ్రుల తరానికి కంఠోపాఠం. 2011లో ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె పిలుపు వస్తే సింగరేణి కార్మికులు నెల రోజులకు పైగా బావుల్లోకి దిగలేదు. నెల జీతాలు పోయాయి. ఇళ్ళల్లో పొయ్యి వెలగడం కష్టమైంది. అయినా దిగలేదు. బొగ్గు ఆగితే రాష్ట్రమంతా కరెంటు కోతలతో అల్లాడింది. ఆ సమ్మె లేకుండా తెలంగాణ చరిత్ర రాయగలరా?

అప్పుడు బావి గేటు ముందు కూర్చున్నవాళ్ళలో కరీంనగర్ పల్లెల నుంచి వచ్చినవాళ్ళున్నారు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి తాతల కాలంలో వలస వచ్చిన కుటుంబాల వాళ్ళున్నారు. ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి ఇక్కడే పెళ్ళిళ్ళు చేసుకుని స్థిరపడినవాళ్ళున్నారు. గని పైకప్పు కూలినప్పుడు అది ఎవరి స్థానికతనూ అడగలేదు. ఈ ఊరు అలా కట్టిన ఊరు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇల్లెందు దగ్గర బొగ్గు తవ్వే హక్కులు పొందినప్పటి నుంచి ఈ బొగ్గుబావులు మనుషుల్ని దూరదూరాల నుంచి పిలుచుకుంటూనే ఉన్నాయి. ఎన్‌టీపీసీ వచ్చింది, ఎరువుల కర్మాగారం వచ్చింది. ఒక్కోటి కొన్ని వేల కుటుంబాలను తెచ్చింది. పిలిచింది మనం. వాళ్ళు తవ్విన బొగ్గుతో వెలుగుతున్నది మన ఇళ్ళు. వాళ్ళ మనవలు ఎవరివాళ్ళు?

స్థానిక కోటా ఎవరి కోసం పెట్టాలో మీరే ఆలోచించండి. ఈ నేల మీద బతికినవాళ్ళకు, ఈ నేలకు రుణపడి మళ్ళీ ఈ నేలకే పనికొచ్చేవాళ్ళకు. మీ నాలుగేళ్ళ నిబంధన ఆ పని చేస్తుందా? డబ్బున్న కుటుంబం ఏ రాష్ట్రం నుంచైనా సరే, తొమ్మిదో తరగతిలో పిల్లవాడిని హైదరాబాద్ కార్పొరేట్ స్కూల్లో వేస్తే నాలుగేళ్ళకు వాడు తెలంగాణ స్థానికుడు. తల్లిదండ్రులు ఇక్కడ ఒక్కరోజు ఉండకపోయినా అభ్యంతరం లేదు. గోదావరిఖని కార్మికుడి కూతురు మాత్రం రెండేళ్ళు హాస్టల్లో ఉంటే పరాయిది. బయటివాళ్ళను ఆపని కంచె, లోపలివాళ్ళను బయటికి తోసేస్తుంటే దాన్ని ఎవరి రక్షణ కోసం కట్టినట్టు?

మా రామగుండంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. దాని పేరులోనే సింగరేణి ఉంది. దానికి సింగరేణి నిధులిచ్చింది. సింగరేణి నిధులంటే భూగర్భంలో, దుమ్ములో, గ్యాస్‌లో పనిచేసినవాళ్ళ కష్టం. అందులో 150 ఎంబీబీఎస్ సీట్లున్నాయి. ఆ కాలేజీ గోడల అవతలే పుట్టి, దాని అనుబంధ ఆసుపత్రిలోనే టీకాలు వేయించుకున్న పిల్ల, ఆ కాలేజీ కౌన్సెలింగ్‌లో నాన్‌లోకల్ అని విన్నప్పుడు ఆ తండ్రికి మీరు ఏం చెబుతారు?

మినహాయింపులు ఇచ్చామని మీరు అనవచ్చు. ఇచ్చారు, కాదనను. రాష్ట్రం బయట పనిచేసిన ప్రభుత్వోద్యోగుల పిల్లలకు, అఖిల భారత సర్వీసు అధికారుల పిల్లలకు, సైనికుల పిల్లలకు, దేశంలో ఎక్కడికైనా బదిలీ చేసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థల ఉద్యోగుల పిల్లలకు ఇచ్చారు. అది న్యాయమే. వాళ్ళు తమ ఇష్టంతో వెళ్ళలేదు, పని పిలిస్తే వెళ్ళారు. అయితే పని పిలిస్తే వెళ్ళేది వాళ్ళు మాత్రమేనా?

సింగరేణి ఒడిశాలోని అంగుల్ జిల్లా నైనిలో 2025లో బొగ్గు తీయడం మొదలుపెట్టింది. అక్కడికి బదిలీ మీద వెళ్ళే పర్మినెంట్ ఉద్యోగికి చేతిలో ట్రాన్స్‌ఫర్ ఆర్డరు ఉంటుంది. అతని బిడ్డకు మీ మినహాయింపు దొరుకుతుంది. అక్కడే కాంట్రాక్టరు కింద లారీ నడపడానికి వెళ్ళే గోదావరిఖని కుర్రాడికి ఏ ఆర్డరూ ఉండదు. అతని బిడ్డ సంగతేమిటి? మా జిల్లాల నుంచి దుబాయ్, మస్కట్ వెళ్ళినవాళ్ళకు, సిరిసిల్ల నుంచి భివండీ మరమగ్గాల మీదికి వెళ్ళినవాళ్ళకు ట్రాన్స్‌ఫర్ ఆర్డరు ఇచ్చింది ఆకలి. దాని మీద సంతకం ఉండదు, స్టాంపు ఉండదు. కూలివాడు పిల్లల్ని వెంటబెట్టుకుని పోతే, ఆ పిల్లలు భివండీ బడిలో చదివితే, తిరిగొచ్చేసరికి వాళ్ళు ఈ రాష్ట్రానికి పరాయివాళ్ళు. కాగితం ఉన్న వలసకు రక్షణ, కాగితం లేని వలసకు శిక్ష. సంక్షేమ ప్రభుత్వం అని చెప్పుకునేవాళ్ళు ముందు ఎవరి వైపు నిలబడాలి?

కాగితం గురించి ఒక మాట చెప్పే అర్హత నాకుంది. స్టడీ సర్టిఫికెట్లు రాసిచ్చే చెయ్యి నాది. అందులో గడులు మీకు తెలుసు. తరగతి, విద్యా సంవత్సరం, బడి పేరు, గ్రామం, మండలం, జిల్లా. హెడ్మాస్టర్ సంతకం, గుండ్రటి ముద్ర. ఆ గడులన్నీ నింపాక కూడా ఆ పిల్ల ఎవరో అందులో ఉండదు. తల్లి ఎక్కడ నీళ్ళు పట్టుకుంటుందో ఉండదు. తండ్రి ఏ గనిలో దిగుతాడో ఉండదు. వాళ్ళ ఇంటి ఓటు ఏ బూత్‌లో ఉందో ఉండదు. ఆ ఒక్క కాగితాన్ని మీరు మనిషి మొత్తానికి సాక్ష్యంగా తీసుకుంటున్నారు. నేను రాసే ఒక్క గడి ఒక పిల్ల భవిష్యత్తును తేలుస్తుందంటే నాకు భయమేస్తోంది.

అదే ఇంటికెళ్ళి చూడండి. క్వార్టర్ అలాట్‌మెంట్ ఆర్డరు, జీతం స్లిప్పులు, ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు, సింగరేణి ఆసుపత్రి కార్డు, గ్యాస్ పుస్తకం అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువా పై అరలో దాచుకుంటారు. ఇరవై ఏళ్ళ నివాసం ఆ కవర్లో ఉంది. కౌన్సెలింగ్‌లో ఆ కవరు విప్పే అవకాశమే ఇవ్వడం లేదు మీరు.

మా ప్రాంతంలో నివాసం ఎంత పెళుసో కూడా మీకు తెలిసి ఉండాలి. రిటైరయ్యాక కార్మికుడు క్వార్టర్ ఖాళీ చేయాలి. అడ్రసు మారిపోతుంది. ఓపెన్‌కాస్ట్ గనుల కోసం లద్నాపూర్ లాంటి ఊళ్ళు భూములిచ్చాయి. ఊరు పోయినవాడికి ఊరి పేరు మీద సర్టిఫికెట్ ఇవ్వడమే కష్టం. ఇంత కదిలిపోయే బతుకుల్లో కదలకుండా నాలుగేళ్ళు ఒకే రాష్ట్రంలో బల్ల మీద కూర్చుంటేనే హక్కు అనడం, ఈ బతుకు తెలియనివాళ్ళు రాసే షరతు.

అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పొలం గట్లు కొలవడానికి ముందే అమ్మ ఎవరి దగ్గర ఉంటుందో తేల్చుకుంటారు. రాష్ట్రం వేరుపడేటప్పుడు ఆస్తులు, అప్పులు, నీళ్ళు, కరెంటు గురించి చట్టంలో సెక్షన్లు రాశారు. మనుషుల గురించి రాసింది తక్కువ. ఆ లోటుకు చెల్లించిన మూల్యం మనం చూశాం. 2014లో మీకు ముందున్న ప్రభుత్వం ఫాస్ట్ పథకం కింద ఫీజులు కట్టడానికి 1956 నవంబరు 1 నాటికి ఇక్కడున్న కుటుంబమై ఉండాలని షరతు పెట్టింది. చివరికి 2015లో ఆ పథకాన్నే విరమించుకోవాల్సి వచ్చింది. 2015 జూన్‌లో స్థానికత పేరుతో 1,157 మంది విద్యుత్ ఉద్యోగుల్ని తెలంగాణ సంస్థలు రిలీవ్ చేశాయి. అవతలి రాష్ట్రం వెంటనే తీసుకోలేదు. రెండు రాష్ట్రాల మధ్య జీతాల కోసం, పోస్టుల కోసం వాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు. జస్టిస్ ధర్మాధికారి కమిటీ నివేదిక, దాని మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2020 డిసెంబరు అయింది. అయిదేళ్ళు ఒక ఉద్యోగి కుటుంబం ఏ రాష్ట్రానికి చెందుతుందో తెలియకుండా బతకడం ఎలా ఉంటుంది? ఆ పాఠం మీరు నేర్చుకున్నారనుకున్నాం.

మణుగూరు బావులకు దగ్గర్లోనే ఇంకో గాయం ఉంది. పోలవరం ప్రాజెక్టు కోసం ఖమ్మం జిల్లా నుంచి 2014లో ఏడు మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కూనవరం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు ప్రజల్ని మీరు ఏ రాష్ట్రంలో ఉంటారని ఎవరూ అడగలేదు. ఎటపాక భద్రాచలాన్ని ఆనుకునే ఉంది. అక్కడి పిల్లలకు దగ్గరి కాలేజీ భద్రాచలంలోనే ఉంటుంది. ఇల్లు ఒక రాష్ట్రంలో, కాలేజీ మరో రాష్ట్రంలో. రెండు ప్రభుత్వాలూ చదువు లెక్కే చూస్తామంటే, తమ ఊరు కదలకుండానే రాష్ట్రం మారిపోయిన ఆ పిల్లలకు ఏ లెక్క న్యాయం చేస్తుంది?

ప్రపంచంలో ఇలా విడిపోయిన చోట్ల ఏం చేశారో చూడండి. 2016లో బ్రిటన్ ఐరోపా కూటమి నుంచి వెళ్ళిపోవాలని ఓటేసింది. చర్చల్లో ముందు తేల్చిన విషయాల్లో ఒకటి, అప్పటికే అటూ ఇటూ స్థిరపడిన పౌరుల హక్కులు. విడిపోయే ఒప్పందంలో ఒక భాగమంతా దానికే కేటాయించారు. 2020 డిసెంబరు 31 నాటికి అక్కడ నివసిస్తున్నవాళ్ళ నివాస హక్కు కాపాడుతామని రాశారు. అయిదేళ్ళు నిరంతరంగా నివసించినవాళ్ళకు స్థిర నివాస హోదా, అంతకు తక్కువ ఉన్నవాళ్ళకు తాత్కాలిక హోదా ఇచ్చారు. తాత్కాలిక హోదా ఉన్నవాళ్ళు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోలేదని హక్కు పోగొట్టడం చట్టవిరుద్ధమని 2022లో అక్కడి హైకోర్టు చెప్పింది. ఆ విధానంలోనూ లోపాలున్నాయి. అయినా అక్కడ వేసిన ప్రశ్న ఇక్కడ నివసిస్తున్నావా అన్నది.

అదే దేశం చేసిన తప్పు కూడా గుర్తుంచుకోండి. కరీబియన్ దీవుల నుంచి పిల్లలుగా వచ్చి బ్రిటన్‌లోనే ముసలివాళ్ళయినవాళ్ళను, కాగితాలు చూపించలేదని ఉద్యోగాల నుంచి తీసేశారు. కొందర్ని దేశం నుంచే పంపేశారు. వాళ్ళు వచ్చినట్టు చూపే పాత రికార్డుల్ని ప్రభుత్వమే నాశనం చేసిందని తేలింది. 2018లో అక్కడి ప్రధాని థెరెసా మే క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. మనిషి జీవితాన్ని ఒక కాగితంతో కొలిస్తే ఎంత పెద్ద ప్రభుత్వమైనా చివరికి తలదించుకోవాల్సి వస్తుంది. అంతదాకా ఎందుకు తెచ్చుకోవాలి?

మీ న్యాయ సలహాదారులు ఒక అభ్యంతరం చెబుతారు. ఈ దేశంలో ఉన్నది ఒక్కటే డొమిసైల్, అది భారతదేశం, రాష్ట్రానికి వేరే డొమిసైల్ లేదని. నిజమే. 1984లో ప్రదీప్ జైన్ కేసు నుంచి సుప్రీంకోర్టు ఆ మాట చెబుతూనే ఉంది. మేం అడుగుతున్నది డొమిసైల్ కాదు. నివాసం. నివాసాన్ని లెక్కించడం మీకు తెలియని పని కాదు. 2025 ఫిబ్రవరిలో ఇంజనీరింగ్ తదితర కోర్సుల్లో 15 శాతం అన్‌రిజర్వుడ్ సీట్లకు మీరే ఉత్తర్వులిచ్చారు. రాష్ట్రంలో పదేళ్ళు నివసించినవాళ్ళు, బయట చదువుకున్న కాలాన్ని పక్కనపెట్టి, అర్హులన్నారు. తల్లిదండ్రుల్లో ఒకరు పదేళ్ళు ఇక్కడ నివసించినా అర్హులేనన్నారు. ఆ పదేళ్ళ నివాసాన్ని సరిచూడ్డానికి మీకు తహసీల్దారు సరిపోయాడు. ఇంజనీరు కావాలనుకున్న పిల్లకు పనికొచ్చిన తల్లి నివాసం డాక్టరు కావాలనుకున్న పిల్లకు ఎందుకు పనికిరాదు?

చట్టానికి మనసుంటే దారి దొరుకుతుందనడానికి ఇంకో ఉదాహరణ మన పక్కనే ఉంది. విభజన తర్వాత తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు తరలి వెళ్ళినవాళ్ళను అక్కడ స్థానికులుగా గుర్తించడానికి రాష్ట్రపతి ఉత్తర్వులను సవరించారు. ముందు మూడేళ్ళ గడువు పెట్టి, తర్వాత పెంచుతూ పోయారు. తరలి వెళ్ళినవాళ్ళ కోసం ఉత్తర్వులు మార్చగలిగిన దేశం, తరలకుండా ఇక్కడే ఉండిపోయినవాళ్ళ కోసం మార్చలేదా?

అందుకని మిమ్మల్ని అడుగుతున్నది స్పష్టంగా చెబుతాను.

వైద్య విద్య ప్రవేశాల నిబంధనల్లో నివాసాన్ని చదువుతో సమానంగా నిలబెట్టండి. విద్యార్థిగానీ, తల్లిదండ్రుల్లో ఒకరుగానీ తెలంగాణలో పదేళ్ళు నివసించి ఉంటే, ఆ పిల్లలు ఎక్కడ చదివినా స్థానికులే అని రాయండి. ఆ పదేళ్ళు రుజువు చేయడానికి ఒక్క సర్టిఫికెట్ మీద ఆధారపడకుండా ఓటరు జాబితా, రేషన్ కార్డు, సింగరేణి క్వార్టర్ రికార్డు, ఈపీఎఫ్ లేదా సీఎంపీఎఫ్ ఖాతా లాంటివి సాక్ష్యంగా తీసుకోండి.

తీసేసిన ఏడేళ్ళ వెసులుబాటు తిరిగి పెట్టండి. అది 1974 నుంచి మన చట్టంలో ఉన్నది, కొత్తగా అడుగుతున్నది కాదు.

మినహాయింపు బదిలీ ఆర్డరు ఉన్నవాళ్ళతో ఆపకండి. కూలి కోసం, కాంట్రాక్టు పని కోసం, గల్ఫ్ కోసం రాష్ట్రం దాటిన కుటుంబాల పిల్లలకూ ఇవ్వండి.

స్థానికతకు సంబంధించిన ఏ నిబంధన మార్చినా, అది అప్పటికే ఇంటర్‌లో చేరిన పిల్లలకు వర్తించకుండా ముందు ప్రకటించండి. తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్ల తల్లిదండ్రులకు నాలుగేళ్ళ తర్వాత ఆమె హక్కేమిటో ఆ రోజే తెలిసి ఉండాలి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కూర్చుని, రెండు రాష్ట్రాల మధ్య ఏ వైపూ స్థానికులు కాకుండా పోతున్న పిల్లల విషయం తేల్చండి. నీళ్ళ గురించి, ఆస్తుల గురించి ఎన్నిసార్లు కూర్చోలేదు? ఈ పిల్లల గురించి ఒక్కసారి కూర్చోలేరా? ఏ విద్యార్థీ రెండు చోట్లా నాన్‌లోకల్ కాకూడదన్నది మీ ఉమ్మడి నియమం కావాలి.

ఇవేవీ కొత్త సీట్లు సృష్టించమని అడగడం కాదు. ఖజానా మీద భారం కాదు. ఒక నిబంధనలో కొన్ని వాక్యాలు. ఆ వాక్యాలు రాసే అధికారం మీది, రాయకపోతే బాధ్యతా మీదే. 2014 జూన్ 2న ఈ ఊరి వీధుల్లో టపాసులు కాల్చినవాళ్ళు అనుకున్నది, ఇక మన గురించి మన ప్రభుత్వమే నిర్ణయిస్తుందని. మన ప్రభుత్వం మనల్ని గుర్తుపట్టకపోతే ఆ నిర్ణయాధికారం ఎవరి కోసం సాధించుకున్నట్టు?

వచ్చే ఏడాది ప్రవేశాల నోటిఫికేషన్ రాకముందే ఈ సవరణలు తేవాలని కోరుతున్నాను. ఏయే సవరణలు చేస్తారో, ఏవి చేయరో, ఎందుకు చేయరో కారణాలతో సహా ప్రజల ముందు చెప్పండి. మౌనం కూడా ఒక నిర్ణయమే, దానికీ మీరు జవాబుదారులే. ఈ బొగ్గుబావుల ఊళ్ళలో ఎవరు ఇక్కడివాళ్ళో మాకు తెలుసు. వాళ్ళ ఓట్లు తీసుకుంటున్న రాష్ట్రం, వాళ్ళ పిల్లలకు డాక్టరయ్యే అవకాశాన్ని ఎందుకు ఇవ్వదో మీరు చెప్పాలి. చెప్పలేకపోతే, నిబంధన మార్చాలి.

మీ సమాధానం కోసం, అంతకంటే మీ సవరణ ఉత్తర్వు కోసం ఎదురుచూస్తూ,

బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ, బడిపంతులు
గోదావరిఖని, పెద్దపల్లి జిల్లా